ఇటాలియన్ రెస్టారెంట్‌కి వెళ్తున్నారా? మెనూ చూడటం మొదలు బిల్లు కట్టేదాకా ఏం చేయాలి

ఇటాలియన్ వంటలో తప్పులు దాచడానికి చోటుండదు. అసలైన కార్బొనారాలో పాస్తా, గుడ్డు, పెకొరినో చీజ్, గ్వాంచాలే అనే పంది దవడ మాంసం, మిరియాలు, ఈ అయిదే ఉంటాయి. మార్గరీటా పిజ్జాలో పిండి, టమాటా, మొజరెల్లా, బేసిల్ ఆకులు, ఆలివ్ నూనె. వీటిలో ఒక్కటి నాసిరకమైనా, వంటవాడు ఒక్క నిమిషం ఆలస్యం చేసినా నాలుకకి వెంటనే తెలిసిపోతుంది. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే: సాదా వంటకాలు అడగండి, తక్కువ అడగండి, వచ్చినవి వచ్చినట్టు వేడిగా తినండి. మెనూలో పేరు చదవడానికే అయిదు నిమిషాలు పట్టే వంటకం జోలికి మొదటిసారే వెళ్లకండి. ఇక దశలవారీగా చూద్దాం.

1. ఇంట్లోనే మెనూ చూసేయండి

ఇప్పుడు దాదాపు ప్రతి రెస్టారెంట్ మెనూ ఫోన్‌లోనే దొరుకుతుంది. అక్కడికి వెళ్లి, వెయిటర్ పక్కన నిలబడి ఉంటే కంగారుపడుతూ చదవడం ఎందుకు? పది నిమిషాలు ముందే చూస్తే ఆ వంటగది ఎలాంటిదో సగం తెలిసిపోతుంది.

మొదట మెనూ ఎంత పొడవుందో చూడండి. పాతిక ముప్పై వంటకాలతో సరిపెట్టిన చోట ప్రతిదీ రోజూ వండుతుంటారు కాబట్టి చెయ్యి తిరిగి ఉంటుంది, సరుకూ తాజాగా ఉంటుంది. పది రకాల పాస్తాలు, పది రకాల సాస్‌లు రాసి ఏది కావాలంటే అది కలుపుకోండి అన్నారంటే చాలావరకు సాస్‌లన్నీ ముందే చేసి పెట్టి ఉంటారు, ఆర్డర్ రాగానే వేడి చేసి కలపడమే. ఆకలి తీరుతుంది గానీ ప్రత్యేకంగా బయల్దేరి వెళ్లేంత ఉండదు.

తర్వాత కార్బొనారా పక్కన ఏం రాశారో చదవండి. క్రీమ్ అని ఉంటే అక్కడ వంటంతా క్రీమ్ వైపు మొగ్గుతుందని అర్థం. అది తప్పేమీ కాదు, క్రీమ్ ఇష్టమైనవాళ్లకి పండగే. అల్‌ఫ్రెడో పాస్తా సంగతీ అంతే. రోమ్‌లో ఆల్‌ఫ్రెడో డి లెలియో పేరు మీద మొదలైన ఆ పాస్తాలో ఉన్నవి వెన్న, పార్మెజాన్ చీజ్ మాత్రమే, క్రీమ్ అమెరికాలో వచ్చి చేరింది. ఏది దొరుకుతుందో తెలిసి వెళ్తే నిరాశ ఉండదు, అందుకోసమే ఈ చూడటం.

పిజ్జా కోసమే వెళ్తుంటే ఓవెన్ ఫొటో వెతకండి. కట్టెల ఓవెన్ ఉంటే ఏ రెస్టారెంటూ దాన్ని దాచుకోదు.

2. టేబుల్ బుక్ చేసేటప్పుడే అసలు విషయం చెప్పేయండి

ఎంతమంది, ఎన్ని గంటలకి అనేవి వాళ్లే అడుగుతారు. మీరు చెప్పాల్సింది వేరే: అలర్జీ ఉంటే, మాంసం తినకపోతే, గోధుమ పడకపోతే ఫోన్‌లోనే చెప్పండి. రద్దీలో టేబుల్ దగ్గర చెప్పిన మాట కంటే పొద్దున్నే పుస్తకంలో రాసుకున్న మాటకి విలువ ఎక్కువ.

రాత్రి భోజనానికి అయితే తలుపులు తెరిచిన మొదటి గంటలో వెళ్లండి. వెయిటర్‌కి మీతో మాట్లాడే తీరిక ఉంటుంది, వంటగది మీద ఒత్తిడి ఉండదు. శనివారం రాత్రి హాలు కిటకిటలాడే వేళ రిసొట్టో అనే బియ్యపు వంటకం ఆర్డర్ చేయడం అంటే వంటవాడికి పరీక్ష పెట్టడమే, ఎందుకో కింద చెప్తాను.

3. కూర్చోగానే: నీళ్లు, బ్రెడ్

నీళ్లు మామూలువా, గ్యాస్ ఉన్నవా అని అడుగుతారు. నతురాలే అంటే గ్యాస్ లేనివి, ఫ్రిజాంతే అంటే ఉన్నవి. రెండూ సీసాలో వచ్చేవే, రెండింటికీ బిల్లు పడుతుంది. కుళాయి నీళ్లు చాలనుకుంటే మొహమాటపడకుండా ముందే చెప్పండి.

బ్రెడ్ బుట్ట వస్తుంది. ఇటలీలో చాలాచోట్ల కొపెర్తో అని మనిషికి ఇంతని వేస్తారు, టేబుల్‌కీ బ్రెడ్‌కీ కలిపి అది. మిగతా దేశాల్లో కొన్నిచోట్ల బ్రెడ్ ఉచితం, కొన్నిచోట్ల కాదు. ఆకలి మీద బుట్ట ఖాళీ చేసేయకండి, అసలు భోజనానికి కడుపులో చోటుండదు. ఒక ముక్క మాత్రం పక్కన పెట్టుకోండి, దానితో పని ఉంది.

4. మెనూ వరస అర్థం చేసుకుని, అందులో సగమే అడగండి

ఇటాలియన్ మెనూ తినే వరసలోనే రాసి ఉంటుంది. ఆంటిపాస్తి అంటే మొదట వచ్చే చిన్న వంటకాలు. ప్రిమి అంటే పాస్తా, రిసొట్టో, న్యోకీ అనే బంగాళాదుంప ఉండలు లాంటివి. సెకొండి అంటే మాంసం, చేపలు. కొంతోర్ని అంటే పక్కకి కూరగాయలు, సలాడ్. చివర డోల్చి, స్వీట్లు. పిజ్జాకి వేరే పేజీ.

ఇవన్నీ ఒక్కరే తినాలని ఎక్కడా లేదు. ఇటలీలోనూ మామూలు రోజుల్లో అలా తినరు. ఇద్దరు వెళ్తే ఒక ఆంటిపాస్తో పంచుకుని, చెరో ప్రిమో తిని, చివర ఒక స్వీట్‌కి రెండు చెంచాలు అడగండి. నలుగురైతే రెండు ఆంటిపాస్తి, మధ్యలో ఒక పిజ్జా, మూడు పాస్తాలు చాలు. చాలకపోతే మళ్లీ అడగొచ్చు. సెకొండో కావాలనుకుంటే ఆ మనిషి పాస్తా మానేయడం మేలు. ఒక మాట గుర్తుంచుకోండి, సెకొండో ప్లేటులో చాలాసార్లు మాంసం ముక్క, నిమ్మచెక్క తప్ప ఏమీ ఉండదు, కూరగాయలు కావాలంటే కొంతోర్నోలోంచి విడిగా చెప్పుకోవాలి.

ఆంటిపాస్తిలో మొదటిసారికి బ్రుస్కెట్టా (కాల్చిన బ్రెడ్ మీద టమాటా), కాప్రేజే (టమాటా, మొజరెల్లా, బేసిల్), బుర్రాటా ఇబ్బంది పెట్టవు. బుర్రాటా పూలియా ప్రాంతంలోని ఆంద్రియా ఊరి చీజ్, పైన మొజరెల్లా సంచి, లోపల క్రీమ్, చీజ్ పోగులు. కత్తి పెట్టగానే లోపలిది ప్లేటంతా పారుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే తెస్తే రుచే తెలియదు, కాసేపు బయట ఉంచిన తర్వాతే తినాలి. చల్లగా వస్తే పది నిమిషాలు అలా వదిలేయండి. కార్పాచ్చో మాత్రం తెలిసి అడగండి, అది పల్చగా కోసిన పచ్చి గొడ్డుమాంసం. వెనిస్‌లోని హ్యారీస్ బార్‌లో పుట్టింది.

5. తినకూడనివి ఉన్నవాళ్లు ఈ భాగం నిదానంగా చదవండి

ఇటాలియన్ అంటే శాకాహారులకి సులువు అనుకుంటారు. చాలావరకు నిజమే గానీ పేరులో కనబడని వస్తువులు చాలా ఉంటాయి.

మొదటిది చీజ్. అసలైన పార్మెజాన్, అంటే పార్మిజానో రెజ్జానో, నిబంధనల ప్రకారం పాలు, ఉప్పు, దూడ పొట్టలోంచి తీసే, పాలని గడ్డకట్టించే రెన్నెట్‌తోనే తయారవ్వాలి. అందులో శాకాహార రకం అంటూ లేదు. గ్రానా పదానో చీజ్‌లోనూ జంతువుల రెన్నెటే, పెకొరినో రొమానోలో గొర్రెపిల్లది. ఇది పట్టింపు ఉన్నవాళ్లు "మీ పార్మెజాన్ ఏ రెన్నెట్‌తో చేసింది?" అని సూటిగా అడగాలి. కొన్ని వంటగదులు వేరే శాకాహార చీజ్ వాడతాయి. చీజ్ వద్దు అంటే సరిపోదు కూడా, పెస్టో అనే బేసిల్ సాస్‌లో చీజ్ ముందే కలిసి ఉంటుంది.

రెండోది గుడ్డు. ఎండు పాస్తా ఎక్కువగా డ్యూరం గోధుమ రవ్వ, నీళ్లతోనే చేస్తారు. చేత్తో చేసిన తాజా పాస్తా, టాల్యాతెల్లె లాంటివి, సాధారణంగా గుడ్డు కలిపిన పిండి. మెనూలో "ఫ్రెష్ పాస్తా" అని గొప్పగా రాసి ఉంటే గుడ్డు తినని వాళ్లు అక్కడే ఆగి అడగాలి.

మూడోది రసం, అంటే మాంసమో కూరగాయలో ఉడికించిన నీళ్లు. మినెస్ట్రోనే సూప్‌లో కూరగాయలే కనిపిస్తాయి, ఉడికించింది మాంసం రసంలో కావచ్చు. రిసొట్టో కూడా అంతే. మిలాన్ వాళ్ల కుంకుమపువ్వు రిసొట్టోలో పాత పద్ధతిలో ఎముక మజ్జ వేస్తారు. పసుప్పచ్చగా అమాయకంగా కనిపిస్తుంది, నమ్మేయకండి. పుత్తనెస్కా సాస్‌లో ఆంచొవీ చేపలు కరిగిపోయి ఉంటాయి, కంటికి కనబడవు.

పంది మాంసం తినని వాళ్లు పాంచెట్టా, గ్వాంచాలే, ప్రొషూటో, సలామి, మోర్తదెల్లా పేర్లు గుర్తుపెట్టుకోవాలి. బొలోన్యా ఊరి మాంసం సాస్ బొలొన్యేజే రగూ అంటే బీఫే అనుకుని తినేస్తుంటారు. 1982 అక్టోబర్ 17న ఇటాలియన్ వంటల అకాడమీ బొలోన్యా వాణిజ్య మండలిలో నమోదు చేయించిన రెసిపీలోనే పాంచెట్టా ఉంది, వైన్ కూడా ఉంది. మద్యం ముట్టనివాళ్లకి కూడా ఇక్కడే చిక్కు. రిసొట్టో మొదట్లో వైట్ వైన్ పోయడం మామూలే.

స్వీట్లలో పన్నకొట్టా అనే క్రీమ్ పుడ్డింగ్‌లో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలు, చర్మంలోంచి తీసేది. కాఫీలో తడిపిన బిస్కెట్ల స్వీటు తిరమిసులో చాలాచోట్ల పచ్చి గుడ్డు, కొన్నిచోట్ల మర్సాలా వైనో రమ్మో ఉంటాయి. గర్భిణులు, చిన్నపిల్లలకి పెట్టేవాళ్లు తప్పక అడగాలి.

గోధుమ పడని వాళ్లకి రిసొట్టో, మొక్కజొన్న పొలెంటా మంచి దారి. గ్లూటెన్ లేని పాస్తా ఉందన్నా సంబరపడకుండా, దాన్ని వేరే నీళ్లలో ఉడికిస్తారా అని అడగండి. సీలియాక్ అనే, గ్లూటెన్ అస్సలు పడని జబ్బు ఉన్నవాళ్లకి పిజ్జా వంటగది ఇంకా కష్టం, అక్కడ పిండి గాల్లోనే తేలుతుంటుంది. గింజల అలర్జీ ఉంటే పెస్టో దగ్గర జాగ్రత్త. సంప్రదాయంగా పైన్ గింజలు వేస్తారు, ఖర్చు తగ్గించుకోవడానికి జీడిపప్పో వాల్‌నట్లో వేసే చోట్లూ ఉన్నాయి.

వెయిటర్ "ఉండదనుకుంటా" అంటే అది జవాబు కాదు. లోపల కనుక్కుని రమ్మనండి. మీ ఆరోగ్యం, మీ నమ్మకం రెండూ మీవే, అడగడంలో మర్యాద తప్పడం ఏమీ లేదు.

6. పాస్తా ఎంచుకోవడం

ఆకారం చూసి సాస్ ఊహించొచ్చు. స్పగెట్టి లాంటి సన్నటి పొడుగు పాస్తాకి నూనె, టమాటా, సముద్రపు చేపల సాస్‌లు నప్పుతాయి. పప్పర్దెల్లె, టాల్యాతెల్లె లాంటి వెడల్పు పట్టీలకి బరువైన మాంసం రగూ. రిగతోని లాంటి గొట్టాలు సాస్‌ని లోపలికి కూడా పట్టుకుంటాయి కాబట్టి ముక్కలున్న సాస్‌లకి బాగుంటాయి. అందుకే బొలోన్యాలో రగూని స్పగెట్టితో కాకుండా టాల్యాతెల్లెతో తింటారు. స్పగెట్టి మీద ఆ మాంసం నిలవదు, తీగలు నోట్లోకి వెళ్లిపోయి మాంసమంతా ప్లేటు అడుగున మిగులుతుంది.

వంటగది పనితనం చూడాలంటే కాచో ఎ పెపే అడగండి. పెకొరినో చీజ్, మిరియాలు, పాస్తా. ఇందులో వెన్న లేదు, క్రీమ్ లేదు. పాస్తా ఉడికిన నీళ్లలోకి దిగిన గంజి ఆసరాతోనే తురిమిన చీజ్ సాస్‌గా మారాలి. మిరియాలు పెనంలో వేయించి, కాస్త ఆ నీళ్లు పోసి, పాస్తా వేసి, మంట తీసేశాక చీజ్ వేసి ఆపకుండా తిప్పుతారు. వేడి కొంచెం ఎక్కువైతే చీజ్ గడ్డలు కట్టి ఒకవైపు, నీళ్లు ఒకవైపు అవుతాయి. సరిగ్గా వస్తే ప్రతి తీగకీ పల్చటి తెల్లటి పూత ఉంటుంది, ఫోర్క్ ఎత్తితే సాస్ కారదు, ప్లేటు అడుగున నీళ్ల మడుగు కనబడదు. ఇది బాగా చేసిన చోట ఇంకేం అడిగినా ధైర్యంగా తినొచ్చు. ఒక హెచ్చరిక, పెకొరినో ఉప్పగానే ఉంటుంది, ఉప్పు తగ్గించి తినేవాళ్లకి ఇది సరిపడదు.

కారం ఇష్టమైతే అరాబ్యాతా, టమాటా వెల్లుల్లి ఎండుమిర్చి. వెల్లుల్లి ఇష్టమైతే ఆల్యో ఎ ఓల్యో. పిల్లలకి ఉత్త టమాటా సాస్ చాలు, మెనూలో లేకపోయినా అడిగితే చేసిపెడతారు.

పాస్తా అల్ దెంతే వస్తుంది, అంటే పంటి కింద కాస్త గట్టిగా తగలాలి. అలవాటు లేనివాళ్లు ఉడకలేదని వెనక్కి పంపుతుంటారు. ఒక ముక్క కొరికి చూడండి, మధ్యలో పొడిపిండిలా తెల్లగా మందపాటి చుక్క ఉండి పళ్లకి అంటుకుంటే ఉడకనట్టే. మెత్తదనంలోనే చిన్న పట్టు మాత్రమే ఉంటే అది సరిగ్గా ఉడికినట్టు. అయినా మీకు మెత్తగానే కావాలంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి, తినేది మీరు.

7. రిసొట్టో, పిజ్జా

రిసొట్టో బియ్యం, కార్నరోలీ గానీ అర్బోరియో గానీ, వేడి రసం కొంచెం కొంచెంగా పోస్తూ వండాలంటే సుమారు 18 నుంచి 20 నిమిషాలు పడుతుంది. మెనూలో "ఇద్దరికి మాత్రమే", "20 నిమిషాలు ఆగాలి" అని రాసి ఉంటే సంతోషించండి, మీ కోసం మొదటినుంచి వండుతున్నారన్నమాట. అయిదు నిమిషాల్లో వచ్చేసిందంటే సగం ఉడికించి పక్కన పెట్టిందే. రద్దీ రాత్రి వద్దన్నది ఇందుకే, గరిటె వదలకుండా ఒక మనిషి ఆ గిన్నె దగ్గరే ఉండాలి. ప్లేటు కొంచెం వంచి చూడండి, రిసొట్టో నెమ్మదిగా జారి పరుచుకోవాలి. ముద్దగా కదలకుండా కూర్చుంటే ఆలస్యమైపోయింది.

పిజ్జాలో మొదటిసారి మార్గరీటానే అడగండి. నాపొలి (నేపుల్స్ నగరం) పద్ధతిలో అయితే ఓవెన్ సుమారు 430 నుంచి 480 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటుంది, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో బయటికి వస్తుంది. అంచు ఉబ్బి అక్కడక్కడా నల్లటి మచ్చలు పడుతుంది, మధ్య భాగం మెత్తగా, తడిగా ఉంటుంది. ఆ మచ్చలు మాడు కాదు, ఆ తడి పచ్చితనం కాదు. 2017లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చిన నాపొలి పిజ్జా కళ ఇదే. కరకరలాడేది కావాలంటే రోమ్ పద్ధతి పల్చటి పిజ్జా ఉందేమో అడగండి. మెత్తటి పిజ్జాని చేత్తో ఎత్తితే పైదంతా జారిపోతుంది, మధ్యలో కత్తి ఫోర్క్‌తో తిని, అంచు దగ్గరికొచ్చాక చేత్తో తినండి.

టాపింగ్స్ మూడుకి మించొద్దు. బరువెక్కువైతే అడుగు ఉడకదు.

8. మాంసం, చేప అడిగేవాళ్లు బరువు అడగండి

ఫ్లోరెన్స్ స్టీక్ (ఎముకతో కాల్చే మందపాటి గొడ్డుమాంసం ముక్క), మొత్తం చేప లాంటివాటికి రాసే ధర ప్లేటుకి కాకపోవచ్చు, 100 గ్రాములకో కిలోకో కావచ్చు. ఫ్లోరెన్స్ స్టీక్ ఒక్కటే కిలోకి పైగా కూడా తూగుతుంది. "ముక్క ఎంత బరువుంటుంది, మొత్తం ఎంతవుతుంది?" అని వండకముందే అడిగేయండి, బిల్లు చూశాక టెన్షన్ పడటం ఎందుకు.

9. తినేటప్పుడు

పాస్తా రాగానే తినండి. మిగతావాళ్ల ప్లేట్లు రాలేదని ఆగితే కార్బొనారా గట్టిపడిపోతుంది, "మీరు మొదలెట్టండి" అని ఒకరికొకరు చెప్పుకోవడమే మర్యాద. ఫొటో తీసుకోవాలంటే ఒకటి తీసి ఫోన్ పక్కన పెట్టండి.

స్పగెట్టిని నాలుగైదు తీగలే ఫోర్క్‌కి తగిలించి, మొనని ప్లేటు అంచుకి ఆనించి తిప్పండి. ఎక్కువ పట్టుకుంటే ఉండ పెద్దదై నోట్లో పట్టదు. కత్తితో కోయకండి, సాస్ పట్టుకునే గుణమే పోతుంది. చేపలు, రొయ్యలు ఉన్న పాస్తా మీద ఇటలీలో సాధారణంగా చీజ్ వేసుకోరు, ఆ ఉప్పదనంలో సముద్రపు రుచి మునిగిపోతుందని. వేసుకోకుండా ఒకసారి రుచి చూసి, ఆ తర్వాత మీ ఇష్టం.

పక్కన పెట్టిన బ్రెడ్ ముక్క ఇప్పుడు తీయండి. ప్లేటులో మిగిలిన సాస్‌ని దానితో తుడిచి తినండి. ఇటాలియన్లు ఇళ్లలో హాయిగా చేసే పని ఇది, వంటవాడికి ఇంతకంటే మంచి మెచ్చుకోలు ఉండదు.

వంటకంలో తేడా ఉంటే రెండు ముద్దల్లోనే చెప్పండి. సగం తిన్నాక చెప్తే వాళ్లకీ ఇబ్బంది, మీకూ ఇబ్బంది. "బాలేదు" అనకుండా ఏం తేడానో చెప్పండి: చల్లగా ఉంది, ఉప్పెక్కువైంది, పాస్తా మెత్తబడిపోయింది. మంచి చోట మారు మాట్లాడకుండా మార్చి తెస్తారు.

10. స్వీటు, కాఫీ

కన్నోలి, అంటే లోపల తీపి చీజ్ నింపిన కరకర గొట్టాలు, అడిగితే అప్పటికప్పుడు నింపుతారా అని కనుక్కోండి, ముందే నింపితే గొట్టం తడిసి మెత్తబడుతుంది. కడుపు నిండిపోతే అఫొగాతో, ఒక ముద్ద వెనీలా జెలాటో (ఇటాలియన్ ఐస్‌క్రీమ్) మీద వేడి ఎస్ప్రెస్సో. స్వీటు, కాఫీ రెండూ ఒకేసారి అయిపోతాయి. ఇటాలియన్లు కాపుచ్చినో పొద్దున పూట తాగుతారు, భోజనం తర్వాత పాలు బరువని ఎస్ప్రెస్సోతో సరిపెడతారు. మీకు కాపుచ్చినోనే కావాలంటే అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

11. బిల్లు, మిగిలినవి

బిల్లులో మూడు చూడండి: నీళ్ల సీసాలు ఎన్ని, సర్వీస్ ఛార్జీ కలిపారా, బరువు లెక్క సరిపోయిందా. సర్వీస్ ఛార్జీ ముందే కలిపి ఉంటే మళ్లీ టిప్ ఇవ్వాల్సిన పనిలేదు, ఇవ్వాలనిపిస్తే అది మీ మనసు. ఎవరి బిల్లు వాళ్లే కట్టుకోవాలనుకుంటే ఆ మాట ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి, చివర్లో చెప్తే విడదీయడానికి వాళ్లు నానా తంటాలు పడాలి.

మిగిలిన వాటిలో పిజ్జా, టమాటా పాస్తా, రగూ ప్యాక్ చేయించుకోండి. కార్బొనారా, కాచో ఎ పెపే వద్దు, మళ్లీ వేడి చేస్తే గుడ్డు, చీజ్ విరిగిపోతాయి. పిజ్జాని మర్నాడు మైక్రోవేవ్‌లో పెట్టకండి, పొడి పెనం మీద సన్నటి మంటలో రెండు మూడు నిమిషాలు ఉంచి, అడుగు గట్టిపడ్డాక పక్కన నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించి మూత పెట్టండి. ఆ ఆవిరికి పైన చీజ్ కరుగుతుంది, అడుగు కరకరలాడుతూనే ఉంటుంది.